తూము కింద, మత్తడి పైన

(ఇంట్లో అక్వేరియం పెంచుకునే వాళ్లం నల్లగొండలో ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు, తొట్టి నీళ్లకు గాలి ఎట్లా అందుతుందో, ఫిల్టర్ ఎక్కడ పెట్టాలో చెబుతూ చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో వచ్చారు, ముందు మంచినీళ్లు తాగండి. పాలమూరు నుంచి కూడా తమ్ముళ్లు వచ్చారు, సంతోషం.

ఈ టేబుల్ మీద ఒక తొట్టి పెట్టాను, చూస్తున్నారు కదా. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచు దాకా పోస్తే 56 లీటర్లు పడతాయి. ఫిల్టర్‌ను వెనక అద్దానికి, సగం లోతులో అతికించాను. దాని పక్కనే గాలి మోటర్‌కు తగిలించిన బుడగల రాయి. నేను వెళ్లిన చాలా ఇళ్లలో ఇట్లాగే ఉంటుంది. నా మాటలు అయ్యేదాకా దీన్ని కదిలించను. మీరు మధ్య మధ్యలో నన్ను కాదు, ఈ తొట్టిలో నీళ్లను చూడండి.

మా నాయన చెరువు మీద బతికిన మనిషి. వల, తెప్ప, చేపలు తప్ప ఆయనకు వేరే లోకం లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదటి అక్వేరియం కొన్నాను. ఆరు గోల్డ్ ఫిష్‌లు, ఒక ఫిల్టర్, ఒక ఆక్సిజన్ మోటర్. మోటర్ చప్పుడుకు నిద్ర పట్టడం లేదని పడుకునేటప్పుడు బంద్ చేసేవాణ్ణి. మే నెల. ఒకరోజు తెల్లారుజామున లేచి చూస్తే నాలుగు చేపలు పక్కకు ఒరిగి ఉన్నాయి. మిగిలిన రెండు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. రోగమున్న చేపలు అంటగట్టారని అమ్మిన మనిషిని తిట్టుకున్నాను. మా నాయన తొట్టి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. చూసి ఒకటే మాట అన్నాడు. "రోగం లేదు ఏం లేదు. నీళ్లు నిద్ర పోతున్నయిరా" అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇవాళ మీకు చెప్పబోయేదంతా ఆ మాటే.

చేప పీల్చే గాలి నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్. అది ఎంత ఉంటుందో తెలుసా? మనం పీల్చే గాలి ఒక లీటరు తీసుకుంటే అందులో పావు గ్రాముకు కొంచెం పైనే ఆక్సిజన్ ఉంటుంది. అంటే 250 మిల్లీగ్రాములకు పైన. అదే లీటరు నీళ్లు 25 డిగ్రీల వేడిలో పట్టుకోగలిగేది దాదాపు 8.2 మిల్లీగ్రాములు మాత్రమే. 30 డిగ్రీలకు 7.5కు వస్తుంది. 35 డిగ్రీలకు 7 కంటే కూడా కొంచెం తక్కువ. ఇది నీళ్లకు ఉన్న గరిష్ఠ శక్తి. మన తొట్టిలో అంత ఉందని కాదు, అంతకు మించి ఉండలేదని. 5 కంటే కిందికి పోతే చాలా రకాల చేపలకు ఇబ్బంది మొదలవుతుంది.

ఇంకో చిక్కు ఉంది. నీళ్లు వేడెక్కితే చేప ఒంట్లో పని వేగం పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే దానికి కావాల్సిన ఆక్సిజన్ ఇంచుమించు రెట్టింపు అవుతుంది. నీళ్ల దగ్గర సరుకు తగ్గింది, చేపకు అవసరం పెరిగింది. మన నల్లగొండ ఎండాకాలం సంగతి మీకు నేను చెప్పాలా? బయట 44 డిగ్రీలు కొడుతుంటే, కూలర్ లేని గదిలో తొట్టి నీళ్లు 33, 34కు వచ్చేస్తాయి.

మరి ఆక్సిజన్ నీళ్లలోకి ఏ దారిన వస్తుంది? అందరూ బుడగల్లోంచి అంటారు. ఆ బుడగను జాగ్రత్తగా చూడండి. అడుగు లోతు నుంచి పైకి రావడానికి దానికి సెకను, సెకనున్నర పడుతుంది. ఆ కాస్త సమయంలో బుడగ నీళ్లకు ఇచ్చి పోయేది కొంచెమే. అసలు దారి నీటి పైభాగం. గాలీ నీళ్లూ తగిలే చోటు. అక్కడే ఆక్సిజన్ లోపలికి దిగుతుంది, అక్కడి నుంచే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. బుడగ చేసే పెద్ద పని ఏమిటంటే కింది నీళ్లను తనతో పాటు పైకి లాక్కొచ్చి, పైపొరను పగలగొట్టడం.

పైపొర దగ్గర దిగిన ఆక్సిజన్ తనంతట తాను కిందికి పోదా అని అడగొచ్చు. పోతుంది, కానీ గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నిలిచిన నీళ్లలో దాదాపు పదివేల వంతు నెమ్మదిగా. అందుకే పైన ఒక పలచని పొర ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది, కింద చేప ఆయాసపడుతూ ఉంటుంది. ఆ రెండు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచింది ఆ పలచని పొర కోసమే. నీళ్లు నిద్రపోవడమంటే ఇదే.

చెరువు తెలిసిన వాళ్లకు ఇది కొత్త కాదు. చెరువులో చేపలు చచ్చి తేలేది ఎక్కువగా తెల్లవారే ముందే. పగలు నాచు, మొక్కలు ఎండకు ఆక్సిజన్ ఇస్తాయి. రాత్రంతా అవి కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి. పొద్దు పొడిచే ముందు నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. నిన్న మబ్బు పట్టి ఉంటే ఇంకా ఘోరం. చెరువుల్లో చేపలు పెంచే రైతులు ఆ వేళకు నీళ్లను చిలికే ఏరియేటర్లు తిప్పేది అందుకే. మనం మాత్రం సరిగ్గా ఆ వేళకు మోటర్ బంద్ చేసి పడుకుంటాం. లైటు బంద్ చేయండి, గాలి మాత్రం బంద్ చేయకండి.

(ఒక శ్రోత: "సార్, మాకు కూడా చప్పుడే బాధ. మా అత్తమ్మ ఆ గదిలోనే పడుకుంటుంది.")

ఆ కష్టం నిజమేనమ్మా. మోటర్‌ను చెక్క మీద, గాజు మీద పెడితే ఆ చెక్క కూడా దానితో పాటు మోగుతుంది. మందంగా ఒక స్పాంజ్ ముక్క, లేదంటే నాలుగు మడతలు వేసిన తువ్వాలు కింద పెట్టండి. గోడకు తాకకుండా చూడండి. అప్పటికీ చప్పుడు పెద్దగా ఉంటే బుడగల రాయి మూసుకుపోయిందేమో చూడండి. మన దగ్గర అది చాలా తొందరగా మూసుకుపోతుంది, ఎందుకో తర్వాత చెబుతాను. ఇక ఫిల్టర్‌ను సరైన చోట పెడితే ఆ మోటరే అవసరం పడకపోవచ్చు. ఆ సంగతికే వస్తున్నాను.

మా ఊరి చెరువుకు తూము ఉంది, మత్తడి ఉంది. తూము కట్ట అడుగున ఉంటుంది, కింది నీళ్లను తీస్తుంది. మత్తడి, అంటే అలుగు, పైన ఉంటుంది. మత్తడి దుంకే చోట నీళ్లు తెల్లగా నురగెత్తుతాయి, అక్కడ గాలి నీళ్లలో కలిసినంతగా ఇంకెక్కడా కలవదు. చెరువులో ఆ రెండు దారులూ నీళ్లను బయటికి పంపుతాయి. మన తొట్టిలో మాత్రం తూములో పోయిన నీళ్లే మత్తడి మీదుగా తిరిగి రావాలి. ఫిల్టర్ నీళ్లు పీల్చే చోటు తూము. నీళ్లు వదిలే మూతి మత్తడి. తూము కింద ఉండాలి, మత్తడి పైన ఉండాలి. మీరు ఏ కంపెనీది కొన్నా, ఎంత పెట్టి కొన్నా ఫిల్టర్ పెట్టేటప్పుడు ఈ రెండూ ఎక్కడున్నాయో ముందు చూడండి.

ఇప్పుడు ఈ తొట్టి చూడండి. ఫిల్టర్ సగం లోతులో ఉంది. మూతి కూడా సగం లోతులోనే ఉంది. నీళ్లు మధ్యలో పుట్టి, ఎదురుగా అడుగు దూరంలో ఉన్న ముందు అద్దానికి కొట్టుకుని, అక్కడే సుడి తిరిగి మళ్లీ ఫిల్టర్‌లోకే పోతున్నాయి. బుడగలు లేచే చోటు తప్ప పైన నీళ్లు అద్దంలా ఉన్నాయి, ట్యూబ్‌లైట్ కూడా కదలకుండా కనబడుతుంది. ఆ కుడి మూల చూడండి, పెంట అంతా అక్కడ పేరుకుంది. అక్కడిదాకా నీటి ఊపు పోవడం లేదు.

దీన్ని ఎట్లా పెట్టాలి? వెనక అద్దానికి కాదు, పక్క అద్దానికి పెట్టాలి. అంటే వెడల్పు వైపు. మూతి పొడవు వెంబడి చూడాలి. ఫిల్టర్ తల నీటి పైమట్టానికి ఒక అంగుళం కింద ఉండాలి. ఈ ఫిల్టర్ ఎనిమిది అంగుళాల పొడవు. తల అక్కడుంటే దాని అడుగు, అంటే తూము, కింది గులకరాళ్లకు రెండు మూడు అంగుళాల పైన ఉంటుంది. మూతిని కొద్దిగా పైకి తిప్పితే నీటి పైన అలలు పుడతాయి. ఆ నీళ్లు పైనే రెండడుగులు పోయి, ఎదురు అద్దానికి తగిలి కిందికి దిగి, అడుగు వెంబడి వెనక్కి వస్తాయి. వచ్చేటప్పుడు పెంటను, మిగిలిన మేతను ఊడ్చుకుంటూ తూము దగ్గరికి తెస్తాయి. తొట్టంతా ఒక చుట్టు తిరుగుతుంది. అదే ఫిల్టర్, అదే కరెంటు. మారింది చోటు ఒక్కటే.

ఈ రకం ఫిల్టర్ తలకు సన్నని గాలి గొట్టం ఒకటి వస్తుంది. దాని కొన నీళ్ల బయట ఉంటే, నీళ్లు ఊపుగా పోతూ గాలిని తమతో లాక్కుపోతాయి. చాలామంది ఆ గొట్టాన్ని డబ్బాలోనే మరిచిపోతారు. పెట్టినా ఫిల్టర్‌ను లోతుకు దించితే గాలి లాగలేదు, పైన ఉన్న నీళ్ల బరువు అడ్డం పడుతుంది. దీనికి కూడా తల పైకే ఉండాలి.

బుడగల రాయి మాత్రం ఫిల్టర్ పక్కన పెట్టకండి. బుడగలు తూములోకి పోతే లోపల తిరిగే చక్రం గాలిని పట్టుకుని గరగరమంటుంది, నీటి ఊపు పడిపోతుంది. ఫిల్టర్ పాడైందని కొత్తది కొన్న వాళ్లను నేను చూశాను. చిటికెడు మేత పొడి చేసి నీళ్లలో వేయండి. ఎక్కడ అది కదలకుండా ఆగిపోతుందో అది చచ్చిన మూల. రాయిని అక్కడ పెట్టండి. పెద్ద రాళ్లు, బొమ్మలు పెట్టుకున్న వాళ్లకు అది వాటి వెనకాలే ఉంటుంది.

ఇక ఏ ఫిల్టర్ మంచిదని అడుగుతారు. బయట తగిలించే ఫిల్టర్‌లో నీళ్లు పైనుంచే పడతాయి, మత్తడి దానంతటదే వచ్చేస్తుంది, పీల్చే గొట్టం మాత్రం కిందిదాకా పోయేట్టు చూసుకోవాలి. టాప్ ఫిల్టర్ కూడా అంతే. కానిస్టర్, అంటే తొట్టి బయట పెట్టే మూసిన డబ్బా ఫిల్టర్, కొన్న వాళ్లు నీళ్లు వదిలే గొట్టాన్ని అందం కోసం లోతుకు దించుతారు, అది పైకి ఉండాలి. ఏ ఫిల్టరైనా గంటకు తొట్టి నీళ్లను నాలుగైదు సార్లు తిప్పగలిగితే చాలు. నన్ను అడిగితే చిన్న తొట్టికి స్పాంజ్ ఫిల్టరే మేలు. గాలి మోటర్‌తోనే నడుస్తుంది, చిన్న చేపపిల్లలను పీల్చేయదు, గాలి ఇవ్వడం, నీళ్లు తిప్పడం, శుభ్రం చేయడం మూడూ ఒక్కటే చేస్తుంది. చూడడానికి బాగుండదంటారు. మొక్క వెనక పెట్టండి.

శుభ్రం అన్నాను కాబట్టి ఒక మాట. ఫిల్టర్ అంటే జల్లెడ మాత్రమే కాదు. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. స్పాంజ్‌లో కాపురముండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టిలో ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వాటికి కూడా ఆక్సిజన్ కావాలి. అమ్మోనియాలో ఉండే ఒక గ్రాము నైట్రోజన్‌ను మార్చడానికి నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్ తీసుకుంటాయి. అంటే మీ తొట్టిలో గాలి పీల్చేది చేపలు మాత్రమే కాదు, కనబడని ఒక మంద కూడా ఉంది. ఆక్సిజన్ అందకపోతే ఆ మంద పని ఆపేస్తుంది. అప్పుడు అమ్మోనియా పెరుగుతుంది, చేప మొప్పలు మంట పుడతాయి. అందుకే గాలి వేరు, ఫిల్టర్ వేరు అని నేను అనుకోను. స్పాంజ్‌ను తొట్టి నీళ్లు బకెట్‌లో పట్టుకుని అందులోనే పిండండి. నల్లా కింద రుద్ది కడిగితే క్లోరిన్‌కు ఆ మంద చచ్చిపోతుంది.

నీళ్ల మాట మన జిల్లాలో ఊరికే ముగియదు. ఫ్లోరైడ్ మన మనుషుల ఎముకలను ఏం చేసిందో మనకు తెలుసు. ఫటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను మడ్డిగా కిందికి దింపే పద్ధతికి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు మన ఊరి పేరే పెట్టారు. నల్లగొండ పద్ధతి అంటే ఇతర దేశాల్లో కూడా తెలుసు. అట్లాంటి ఊరివాళ్లం మనం. చేపలకు పోసే నీళ్ల మీద కూడా అంత శ్రద్ధ పెట్టాలి.

బోరు నీళ్లు చల్లగా, తేటగా ఉంటాయని నేరుగా తొట్టిలో పోస్తారు. భూమి లోపల గాలి తగలకుండా ఉన్న నీళ్లు అవి. చాలాసార్లు వాటిలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉంటుంది. అప్పుడే తోడి పోసిన నీళ్లలో చేప ఆయాసపడేది అందుకే. ముందు రోజే బకెట్‌లో పట్టి, బుడగల రాయి వేసి రాత్రంతా ఉంచండి. నల్లా నీళ్లయినా అంతే, క్లోరిన్ చాలా వరకు పోతుంది. తొందరుంటే షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి.

ఇందాక రాయి మూసుకుపోతుందని అన్నాను కదా. మన నీళ్లలో సున్నం ఎక్కువ. మీ గీజర్‌కు, బకెట్ అంచుకు పట్టే తెల్లటి పొరే ఆ రాయి సన్నని రంధ్రాలకు, ఫిల్టర్ మూతికి, చక్రానికి కూడా పడుతుంది. నెలకోసారి తీసి నిమ్మరసమో, వెనిగరో కలిపిన నీళ్లలో ఒక పూట నానబెట్టి బాగా కడగండి. ఇంకొకటి, ఎండాకాలం తొట్టి నీళ్లు ఆవిరవుతాయి, సున్నం మాత్రం ఆవిరి కాదు. తగ్గినంతా బోరు నీళ్లే పోస్తూ పోతే లోపల నీళ్లలో సున్నం పెరుగుతూ పోతుంది. ఆవిరైన మేరకు మనం తాగే ఆర్‌ఓ నీళ్లు పోయండి, వారానికోసారి పాత నీళ్లు నాలుగో వంతు తీసి కొత్తవి పోయండి.

నీటి పైన జిడ్డు పొర కనబడుతుంది కొన్ని ఇళ్లలో. ఎక్కువ మేత వేస్తే వస్తుంది, వంటగది పక్కన తొట్టి ఉంటే పోపు నూనె ఆవిరి కూడా వచ్చి పడుతుంది. ఆ జిడ్డు గాలికి తలుపు మూసినట్టే. కాగితం పరిచి తీసేయండి. పైన అలలు ఆడుతుంటే మళ్లీ అది కట్టదు.

(పాలమూరు నుంచి వచ్చిన ఒక యువకుడు: "అన్నా, కరెంటు పోయి మూడు నాలుగు గంటలు రాకపోతే ఏం చేయాలె?")

మంచి ప్రశ్న తమ్ముడూ. గాలి మోటర్ చిన్నదైతే 5 వాట్ల లోపే తీసుకుంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఫ్యాన్ కంటే ముందు దానికి కలుపు, ఫ్యాన్ తినేదాంట్లో పదో వంతు కూడా కాదు. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీ మీద నడిచే మోటర్లు దొరుకుతాయి, ఒకటి కొని ఉంచుకో. ఏదీ లేదనుకో, చెంబు తీసుకుని తొట్టి నీళ్లే ముంచి జానెడు ఎత్తు నుంచి పోయి. పది నిమిషాలకోసారి ఇరవై చెంబులు. అదీ మత్తడే. మూత తీసేయి, ఆ పూట మేత వేయకు. కానిస్టర్ ఉన్న వాళ్లు గంటల తరబడి కరెంటు పోయి వస్తే నేరుగా నడపకండి. లోపల మూసి ఉన్న నీళ్లు చెడిపోయి ఉంటాయి, వాటిని పారబోసి నడపండి.

కరెంటు పోయినప్పుడే ఇంకో ప్రమాదం. గాలి మోటర్ తొట్టి కంటే కింద ఉంటే, అది ఆగగానే నీళ్లు గొట్టంలోంచి వెనక్కి కారి మోటర్‌లోకి, అక్కడి నుంచి ప్లగ్గు దాకా పోతాయి. మోటర్‌ను నీటి మట్టానికి పైన పెట్టండి. కుదరకపోతే గొట్టం మధ్యలో నీళ్లను వెనక్కి రానివ్వని చెక్ వాల్వ్ వేయండి, చవకైన వస్తువే. ఏ వైరైనా ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి పోవాలి, అప్పుడు జారిన చుక్క నేల మీద పడుతుంది కానీ ప్లగ్గులోకి పోదు. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గులన్నీ తీయండి. ఇంట్లో పిల్లలుంటే ఈ మాట వాళ్లకు కూడా నేర్పండి.

వేడి ఎక్కువైతే ఐసు గడ్డలు వేసి ఒక్కసారి చల్లబరచకండి. మూత తీసి చిన్న ఫ్యాన్ నీటి మీదికి పెట్టండి. మన దగ్గర వేడి పొడి వేడి కదా, కూలర్ పనిచేసినట్టే పనిచేస్తుంది. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, పైన అలలు కూడా పుడతాయి.

(ఇంకొకరు: "బెట్టా చేపకు గాలి అక్కర్లేదంటారు, నిజమేనా?")

సగం నిజం. బెట్టా పైకి వచ్చి గాలి మింగుతుంది, మన కొర్రమీను మింగినట్టే. తెలంగాణ రాష్ట్ర చేపగా కొర్రమీనును పెట్టుకున్నాం కదా, బురద నీళ్లలో కూడా అది బతికేది ఆ విద్యతోనే. కానీ బెట్టా అమ్మోనియాను మింగలేదు. అమ్మోనియాను తినే మందకు గాలి కావాలని చెప్పాను. కాబట్టి చిన్న స్పాంజ్ ఫిల్టర్ పెట్టండి, గాలిని సన్నగా వదలండి. దాని రెక్కలు బరువు, ఊపు నీళ్లలో అలసిపోతుంది. మూతకూ నీటికీ మధ్య రెండు వేళ్ల సందు ఉంచండి. మూతి సన్నగా ఉండే గాజు బౌలు మాత్రం ఏ చేపకూ వద్దు. నిండా పోస్తే నీళ్లు ఎక్కువ, గాలి తగిలే చోటు తక్కువ. సగం దాకా పోస్తే నీళ్లే తక్కువ. షాపులో అందంగా కనబడుతుంది కానీ, అందులో ఉన్న చేపను చూస్తే నాకు ఊపిరాడదు.

సరే, ఇక ఈ తొట్టి దగ్గరికి వద్దాం. ముందు వరసలో ఉన్న పాపా, ఇట్లా రామ్మా. ముందు ఆ రెండు ప్లగ్గులు తీయించు మీ నాన్నతో. తీశారా? ఇప్పుడు ఫిల్టర్‌ను నెమ్మదిగా లాగు, రబ్బర్లు ఊడుతాయి. ఎడమ పక్క అద్దానికి అతికించు. ఇంకొంచెం పైకి. నీళ్ల మీద నీ వేలు పెట్టు, ఒక కణుపు లోతులో దాని తల ఉండాలి. అంతే. మూతి ఇటు, పొడవు వైపు తిప్పు. గాలి గొట్టం కొన బయటికి ఉంచు. రాయిని తీసి ఆ కుడి మూలన, పెంట పేరుకున్న చోట పెట్టు. చేతులు తుడుచుకో. అన్నా, ఇప్పుడు ప్లగ్గులు పెట్టండి.

అందరూ దగ్గరికి వచ్చి చూడండి. ట్యూబ్‌లైట్ నీళ్లలో ముక్కలు ముక్కలుగా ఆడుతోంది. ఆ మూలన పెంట కదులుతోంది, చూడు పాపా, మెల్లగా ఇటే వస్తోంది.